ఒక ఇంటికి ఇంకొక్క ఇల్లే

యూనిస్ పార్డీ తన అరవై ఎనిమిదేళ్ళ బతుకులో ఎవర్నీ భోజనానికి రమ్మని పిలిచిన పాపాన పోలేదు. అలాగని ఆదివారం మధ్యాహ్నం ఆమె వంటింట్లో కుర్చీలు ఖాళీగా ఉన్నదీ లేదు. గిల్బర్ట్స్ టికిల్‌లో పద్ధతే అంత. వెనక తలుపు తోసుకుని వస్తారు, బూట్లు విప్పుతారు, కూర్చుంటారు. తలుపు తట్టేది ముగ్గురే: పోలీసు, ఊరికి కొత్తగా వచ్చిన పాస్టరు, దారి తప్పిన టూరిస్టు. "మా ఇంటికి భోజనానికి రండి" అని ఎవరైనా అన్నారంటే అవతలి మనిషిని పరాయివాణ్ణి చేసేసినట్టే. న్యూఫౌండ్‌లాండ్ దీవి దక్షిణపు ఒడ్డున అరవై గడపలున్న ఊరది. అందులో పరాయివాళ్ళు కావాలంటే సమాధుల దొడ్డిలో వెతికినా దొరకరు.

ఇరవై తొమ్మిదేళ్ళు ఆమె చేపల ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసింది. మొదట్లో కాడ్ చేపలు కోసింది. సముద్రంలో కాడ్ అయిపోయాక పీతల కాళ్ళు విరిచింది. మోకాళ్ళు అరిగాయి, వేళ్ళు వంకర పోయాయి, నోరు మాత్రం చెక్కు చెదరలేదు. మొగుడు వాల్టర్ పోయి ఎనిమిదేళ్ళయింది. కూతురు ట్రీనా రేవుకి అవతలి వైపు మొగుడు డెరిక్‌తో, ఇద్దరు పిల్లలతో ఉంటుంది. తమ్ముడు క్లెమ్ కొండ మీద, ఈమె వంటింటి కిటికీలోంచి చూస్తే పొగగొట్టం కనిపించేంత దూరంలో ఉంటాడు. అరవై నాలుగేళ్ళ బ్రహ్మచారి. పెళ్ళి సంగతి ఎత్తితే గాలి ఎటునుంచి వీస్తోందో చెప్పడం మొదలుపెడతాడు.

ముప్ఫై రెండేళ్ళుగా ఆదివారం పన్నెండు గంటలకి క్లెమ్ ఆ వెనక తలుపు తోస్తూనే ఉన్నాడు. ఉప్పు వేసిన గొడ్డుమాంసం, క్యాబేజీ, టర్నిప్, క్యారెట్, బంగాళాదుంపలు, వాటి మధ్యలో గుడ్డమూటలో ఉడికిన బఠాణీ పప్పు, అన్నీ ఒకే గుండిగలో. ఎనిమిది మందికి సరిపోయే ఆ గుండిగ తప్ప యూనిస్‌కి వేరే దాంట్లో వండడం చేతకాదు. క్లెమ్ తిని, "బాగుంది" అనడు, "బాగాలేదు" అనడు, రెండో ప్లేటు చాపుతాడు. ఆమెకి అంతే చాలు.

మార్చి నెలలో రోగం వచ్చింది. ఊళ్ళోకి కాదు, టీవీలోకి. రోజూ మధ్యాహ్నం రెండింటికి రాజధాని సెయింట్ జాన్స్ నుంచి పెద్ద డాక్టరు కనిపించి ఆ రోజు రూళ్ళు చెప్పేవారు. యూనిస్ వాటిని గోడ మీది క్యాలెండర్లో రాసుకునేది. మొదటి వారం పెన్నుతో రాసింది. మాస్కు అక్కర్లేదు అని రాసి, కొట్టేసి, మంచిది అని రాసి, కొట్టేసి, తప్పనిసరి కాదుగానీ ఉంటే మేలు అని రాసేసరికి మార్చి నెల అంతా నల్లబడిపోయింది. అప్పట్నించి పెన్సిల్ పట్టింది. కొట్లోంచి తెచ్చిన డబ్బాలు సబ్బుతో కడగమన్నారు, కడిగింది. ఇరవై రోజులకి అక్కర్లేదన్నారు. డబ్బాల మీది కాగితాలు ఊడిపోయి ఏది పీచ్ పండ్లో ఏది బీన్సో తెలియక ఆమె ఒక సాయంత్రం టోస్టు మీద పీచ్ పండ్లు పోసుకుని, డబ్బా తెరిచిన పాపానికి మింగింది. మూడే వరసలున్న కొట్లో నేల మీద బాణాలు అంటించారు. ఉప్పు మర్చిపోతే ఊరంతా చుట్టినట్టు మళ్ళీ మొదట్నుంచి తిరిగి రావాలి. కొట్టువాడు తలుపు మీద "మనిషికీ మనిషికీ మధ్య ఒక పెద్ద దుప్పి పట్టాలి" అని బోర్డు పెట్టాడు. ఆరడుగుల ఎడం అన్నమాట. చూసినవాళ్ళు నవ్వారు. యూనిస్‌కి నవ్వు రాలేదు. అంత దూరంలో నిలబడి పక్కమనిషిని ఏం అడుగుతాం, ఏం తిడతాం?

అయినా ఆమె రూలు తప్పలేదు. అది చెప్పుకోవాలి. ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషికి గ్లవ్సు, టోపీ, సబ్బునీళ్ళ తొట్టి కొత్త కావు. అందుకే రాకపోకలు బందు అన్న మొదటి ఆదివారం, అలవాటు చొప్పున పన్నెండింటికి క్లెమ్ వచ్చి వెనక తలుపు మీద చెయ్యి వేసేసరికి, ఆమె లోపల్నుంచి గట్టిగా అరిచింది.

"ఆగరా! ముట్టుకోకు! అక్కడే నిలబడు!"

తలుపు అవతల చెయ్యి ఆగిపోయింది.

"రూలు నీకు తెలీదా? రేడియోలో ఏం వింటున్నావ్ రోజంతా, పాటలా? ఎవరిళ్ళలో వాళ్ళుండాలి. ప్లేటు కంచె మీద పెడతా, నేను లోపలికి వెళ్ళాక తీస్కో."

"సరేలే అక్కా" అన్నాడు క్లెమ్. తలుపు పిడిని చొక్కా చేత్తో తుడిచి మరీ వెళ్ళాడు. ఆమె అది కిటికీలోంచి చూసింది. మంచి పని చేశాడనుకుంది.

ఆ తర్వాత ఆరు ఆదివారాలు ప్లేటు కంచె మీదకి వెళ్ళింది, కడిగిన ప్లేటు కంచె మీదకి వచ్చింది.

ఏప్రిల్ నెలాఖర్లో, ఒక బుధవారం రెండు గంటలకి, కొత్త రూలు వచ్చింది. ఒక ఇల్లు ఇంకొక్క ఇంటితో కలవొచ్చు. ఒక్కదానితోనే. రెండిళ్ళవాళ్ళూ ఒప్పుకోవాలి. ఒకసారి కలిశాక మార్చుకోవడానికి లేదు. యూనిస్ మూడు ముక్కల్లో రాసుకుంది: "ఒక్క ఇల్లు. ఒప్పుకోవాలి. మార్చకూడదు." రాసుకుంటూనే ఆమెకి ఒళ్ళు మండింది. ఈ ఊళ్ళో ఇల్లంటే ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందని వీళ్ళ ఉద్దేశం? పట్నంలో గోడకీ గోడకీ మధ్య పేరు తెలియని మనుషులుంటారు, వాళ్ళకి ఈ లెక్క సరిపోతుందేమో. ఇక్కడ పెరుగుతున్న పిల్లలు ఏ గుమ్మంలో ఆకలేస్తే ఆ గుమ్మంలో తింటారు.

పది నిమిషాల్లో ట్రీనా ఫోన్.

"అమ్మా, విన్నావుగా? మనం కలిసిపోదాం. నేను డ్యూటీకి వెళ్తే పిల్లల్ని చూసేవాళ్ళు లేరు. డెరిక్ మళ్ళీ ఓడెక్కేస్తున్నాడు." ట్రీనా ఊళ్ళో మంచాన పడ్డ ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి స్నానాలు చేయించి మందులు వేస్తుంది.

"చూద్దాంలే."

"చూసేదేముంది?"

"మీ మావయ్య సంగతి ఆలోచించాలి కదే."

"మావయ్య తన పని తను చూసుకోగలడమ్మా. నా పిల్లలకి ఆరేళ్ళూ నాలుగేళ్ళూ."

"మీ మావయ్యకి గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. రేపు చెప్తా."

ఆ రాత్రి ఆమెకి నిద్ర సరిగా పట్టలేదుగానీ, నిజానికి నిర్ణయం ఫోన్ పెట్టేసేలోపే అయిపోయింది. ట్రీనాకి అత్తగారుంది, నలుగురు ఆడపడుచులున్నారు. క్లెమ్‌కి ఎవరున్నారు? అంతకన్నా, నిజం చెప్పాలంటే, క్లెమ్ ఇల్లు వేరే ఇల్లన్న ఊహే ఆమె బుర్రకెక్కలేదు. వాడు ఆదివారం వస్తాడు, తలుపు తోస్తాడు, కూర్చుంటాడు, అంతటితో రెండిళ్ళూ కలిసినట్టే. గురువారం పొద్దున కూతురికి కాదని చెప్పేసింది.

"సరేనమ్మా. అయితే డెరిక్ వాళ్ళమ్మతో కలుస్తాం. మార్చడానికి ఉండదు, తర్వాత నన్ననకు."

"నేనెందుకంటానే?"

"నువ్వు అంటావు" అని ట్రీనా ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం క్లెమ్ రాలేదు. శనివారం రాలేదు. ఆమెకి పట్టింపే లేదు, ఆదివారం మనిషి ఆదివారం వస్తాడు. శనివారం మాంసం నానబెట్టింది, ఆదివారం పొద్దున్నే గుండిగ ఎక్కించింది. ఏడు వారాల తర్వాత బల్ల మీద రెండు ప్లేట్లు పెట్టింది. పదకొండున్నరకి క్లెమ్ కొండ దిగుతూ కనిపించాడు. గడ్డం గీసుకున్నాడు, పెళ్ళిళ్ళకి వేసుకునే నీలం చొక్కా వేసుకున్నాడు. నా తమ్ముడికి కూడా బుద్ధొచ్చింది, ఇన్ని వారాల తర్వాత రావడం పండగేగా అనుకుంది. క్లెమ్ దారి మలుపు దాకా వచ్చాడు. వచ్చి, ఎడమ పక్కకి తిరిగి, థెల్మా స్నూక్ ఇంటి గేటు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

థెల్మా స్నూక్ గురించి ఒక మాట చెప్పాలి. ఫ్యాక్టరీలో కింద దీపం వెలిగే గాజు బల్ల ఉండేది. కోసిన చేప ముక్కల్ని దాని మీద పరిచి పురుగులున్నాయేమో చూసేవాళ్ళు. ఆ బల్ల దగ్గర నిలబడే మనిషి థెల్మా. తొంభై ఒకటిలో ఒక రోజు, అరవై మంది చూస్తుండగా, యూనిస్ కోసిన ముక్కని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "ఇదెవరిది? పురుగుంది" అంది. యూనిస్ తన చేతిలోంచి పురుగున్న ముక్క ఎన్నడూ పోలేదంది. మాటా మాటా పెరిగింది. ఆ రోజునుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇరవై తొమ్మిదేళ్ళు ఒకే చర్చిలో ఒకే వరసలో కూర్చున్నారు, ఒకళ్ళ మొగుడి శవయాత్రకి ఒకళ్ళు కేకు పంపుకున్నారు, మాటలు మాత్రం లేవు. థెల్మా కూడా ఇప్పుడు ఒంటరిదే, కొడుకులిద్దరూ ఆల్బర్టాలో నూనె బావుల దగ్గరున్నారు.

యూనిస్ చెప్పులతోనే బయటికొచ్చి థెల్మా కంచె దగ్గరికి వెళ్ళి అరిచింది.

"క్లెమ్! ఒరే క్లెమ్! బయటికి రా!"

క్లెమ్ వసారాలోకి వచ్చాడు. మెడకి రుమాలు కట్టి ఉంది, భోజనానికి కూర్చున్నట్టున్నాడు.

"ఇదేం పనిరా? భోజనం అక్కడ చల్లారిపోతుంటే?"

"థెల్మాతో కలిశాను అక్కా. నిన్న ఒప్పుకున్నా."

"ఏం ఒప్పుకున్నావ్?"

"రెండిళ్ళూ ఒకటని. వచ్చి అడిగింది. సరే అన్నా. మార్చడానికి లేదట కదా."

"ఆవిడ అడిగిందా? నిన్ను అడగాలంటరా? నువ్వు మా ఇంటికి రావడానికి నిన్నెవరైనా అడగాలా?"

క్లెమ్ రుమాలు కొస వేలికి చుట్టుకున్నాడు. "ఒప్పుకోవాలని రూలు కదక్కా."

"రూలు! నా దగ్గర రూళ్ళు చెప్తున్నావ్! క్యాలెండర్ నిండా అవే ఉన్నాయి. ట్రీనాకి కాదని చెప్పానురా నీ కోసం!"

"నాకు తెలీదు" అన్నాడు క్లెమ్. "నువ్వు చెప్పలేదు."

లోపల్నుంచి థెల్మా గొంతు వినిపించింది. "క్లెమ్, గ్రేవీ చల్లారిపోతోంది." యూనిస్ గిరుక్కున వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి బల్ల మీద రెండో ప్లేటు తీసేసింది. గుండిగ నిండా ఎనిమిది మంది తిండి. ఆమె నాలుగు ముద్దలు తిని, మిగతాది మూతపెట్టి పక్కకి తోసింది.

సోమవారం పొద్దున ఆరోగ్యశాఖ వాళ్ళ నంబరుకి ఫోన్ చేసింది. నలభై నిమిషాలు సంగీతం విన్నాక ఒక అమ్మాయి తీసింది.

"మీరూ మీ తమ్ముడూ ఒకే ఇంట్లో ఉంటారా అమ్మా?"

"ఒకే బల్ల దగ్గర తింటాం."

"ఒకే ఇంట్లో పడుకుంటారాండీ?"

"వాడిది కొండ మీద. నా కిటికీలోంచి కనిపిస్తుంది."

"అయితే రెండిళ్ళ కింద లెక్క. కానీ ఒంటరిగా ఉండేవాళ్ళకి మినహాయింపు ఉండొచ్చు. రేపు కనుక్కోండి."

మరునాడు ఒక అబ్బాయి తీశాడు. మినహాయింపు ఏమీ లేదన్నాడు, నిన్న చెప్పింది ఎవరని కూడా అడిగాడు. మీ ఊరి కౌన్సిల్‌ని అడగమన్నాడు. ఊరి కౌన్సిల్లో ఉండేది డెరిక్ పెదనాన్న కొడుకు. వాడు ఆరోగ్యశాఖ వాళ్ళు పంపిన కాగితాన్నే ఆమెకి పైకి చదివి వినిపించాడు. అందులో అడుగున ఏముందంటే, సందేహాలుంటే ఫలానా నంబరుకి ఫోన్ చేయమని. యూనిస్ గురువారం మళ్ళీ చేసింది. ఈసారి ఒక పెద్దావిడ తీసింది, మెల్లగా, ఓపిగ్గా మాట్లాడే మనిషి. యూనిస్ మొదట్నించీ అంతా చెప్పింది, స్నూకమ్మ దుర్మార్గంతో సహా.

"మరి మీరు ముందుగా మీ తమ్ముణ్ణి అడిగారా అమ్మా?" అంది ఆవిడ.

యూనిస్ ఫోన్ పెట్టేసింది. అలా ఫోన్ పెట్టేయడం ఆమె జీవితంలో మొదటిసారి, దానికి సిగ్గు కూడా వేసింది.

మే నెలంతా ఆమె కోపంగానే ఉంది. డాక్టరు మీద కోపం, ఫోన్లో సంగీతం మీద కోపం, బాణాల మీద కోపం. చర్చి తెరుస్తాం అన్నారు, పాడకూడదన్నారు. నోరు మూసుకుని కూర్చోవడానికి చర్చి దాకా పోవాలా, ఇంట్లో ఆ పనే కదా చేస్తున్నాం అంది. అంది అంటే గోడతో అంది. ట్రీనా పిల్లలు రోజూ సాయంత్రం రోడ్డు మీద నిలబడి అమ్మమ్మకి చెయ్యి ఊపేవాళ్ళు, చిన్నది ఒకరోజు గేటు దాకా పరిగెత్తుకొస్తే యూనిస్ "అక్కడే ఆగు తల్లీ" అంది. ఆ పిల్ల ఏడ్చింది. యూనిస్ లోపలికొచ్చి ఏడ్చింది. ఎవరి కోసం ఇదంతా అని ఒక్కోసారి ఆమెకి అర్థమయ్యేది, ఒక్కోసారి అయ్యేది కాదు. ఊళ్ళో ఒక్కరికీ రోగం రాలేదు. అందుకని రూళ్ళు వృథా అనాలో, రూళ్ళ వల్లే రాలేదనాలో తేల్చుకోలేక ఇంకా చిరాకు పడేది.

ఆదివారం మాత్రం గుండిగ ఎక్కించడం మానలేదు. చిన్న గిన్నెలో వండితే అది ఆదివారం వంట కాదు. కంచె మీద ప్లేటు పెట్టేది. క్లెమ్‌కి. క్లెమ్ ఇప్పుడు థెల్మా ఇంట్లో తింటాడని తెలిసినా పెట్టేది. సాయంత్రానికి కడిగిన ప్లేటు తిరిగొచ్చేది. ఒకసారి ఆ ప్లేటులో బెల్లంపాకం లాంటి మొలాసిస్ వేసిన నాలుగు బన్నులు, పైన గుడ్డ కప్పి ఉన్నాయి. క్లెమ్‌కి బన్ను చేయడం రాదు కాబట్టి ఎవరు చేశారో చెప్పక్కర్లేదు. సముద్రపు గల్ పక్షులకి వేసేద్దామని దొడ్డి దాకా తీసుకెళ్ళి, నిలబడే ఒకటి తుంచి నోట్లో వేసుకుంది. బాగుంది. ఆ బాగుండడం ఆమెకి ఇంకా కోపం తెప్పించింది. నాలుగూ తినేసింది.

జూన్ మొదట్లో మళ్ళీ రూలు మారింది. కలిసిన రెండిళ్ళూ ఇంకో ఆరుగుర్ని కలుపుకోవచ్చు, అందరూ ఒప్పుకోవాలి. యూనిస్ ఆ సాయంత్రమే ట్రీనాకి ఫోన్ చేసింది. ట్రీనా గొంతులో జాలి ఉంది, అదే ఆమెని ఎక్కువ నొప్పించింది.

"అమ్మా, డెరిక్ వాళ్ళ అక్కచెల్లెళ్ళూ, వాళ్ళ మొగుళ్ళూ... రెండున్నరకల్లా ఆరుగురూ అయిపోయారు. వాళ్ళమ్మ రాసేసింది. నేను డ్యూటీలో ఉన్నాను, నీ పేరు చెప్పేలోపే..."

"పర్లేదులే."

"నువ్వు అలా అంటే పర్లేదని కాదు."

"పర్లేదన్నానుగా!"

ఇక మిగిలింది ఒకటే దారి. క్లెమ్ దగ్గరికి చేరాలంటే థెల్మా ఒప్పుకోవాలి. క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. ఎనిమిది రోజులు పట్టుబట్టి కూర్చుంది. ఈలోగా ఇంకో రూలొచ్చి ఈ గొడవ తప్పుతుందేమోనని రోజూ రెండింటికి టీవీ ముందు కూర్చునేది. మూడు నెలలుగా రోజుకో రూలు మార్చినవాళ్ళు ఆ ఎనిమిది రోజులూ ఒక్క ముక్క మార్చలేదు. తొమ్మిదో రోజు పొద్దున ఆమె చెప్పులు వేసుకుని బయల్దేరింది.

థెల్మా పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఇంటి అవతలి పక్కనుంచి ఎవరో పుల్లలు కొడుతున్న చప్పుడు వస్తోంది. యూనిస్ కంచెకి నాలుగడుగుల ఇవతల ఆగింది, మళ్ళీ రెండడుగులు వెనక్కి వేసి ఆరు చేసింది.

"ఏమే థెల్మా."

థెల్మా నోట్లో ఉన్న క్లిప్పు తీసింది. డెబ్భై ఏళ్ళ మనిషి, ఎప్పటిలాగే నిటారుగా ఉంది. "ఏమే యూనిస్. వచ్చావా? పోయిన వారమే వస్తావనుకున్నా."

"నీ ఒప్పుదల కావాలంట."

"దేనికి?"

"తెలీనట్టు అడుగుతావేం? నన్ను మీలో కలుపుకోడానికి."

థెల్మా ఒక దుప్పటి తాడు మీద పరిచి, నాలుగు క్లిప్పులూ పెట్టింది. "ఒప్పుకుంటా. నాదేం పోయింది? కానీ ఆ రోజు ఆ ముక్కలో పురుగున్న మాట నిజం."

"లేదు."

"ఉంది యూనిస్."

"ఉంటే ఉండనీ!" అంది యూనిస్. ఇరవై తొమ్మిదేళ్ళు మోసిన మాట అంత తేలిగ్గా నోట్లోంచి పడిపోయినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. "ఉంటే ఉంది. ఇప్పుడు ఆదివారం సంగతి తేల్చు."

"నన్నడిగావు, సరే. వాణ్ణి కూడా అడుగు."

"వాణ్ణడిగేదేంటి? వాడు నా తమ్ముడు."

థెల్మా బట్టల బుట్ట కింద పెట్టి కంచె దగ్గరికొచ్చింది. దూరం సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

"నీకు చెప్పొద్దన్నాడు, చెప్తున్నా విను. ఆ రూలు చెప్పిన బుధవారం నేను గుడ్లిద్దామని వాళ్ళింటికెళ్ళా. గడప బయటే నిలబడ్డాలే. వాడు బల్ల దగ్గర కూర్చునున్నాడు, బూట్లేసుకుని, టోపీ పెట్టుకుని. ఎక్కడికిరా అంటే, అక్క పిలుస్తుంది, వెళ్ళాలి అన్నాడు. శుక్రవారం మళ్ళీ వెళ్ళా. అలాగే కూర్చునున్నాడు. అవే బూట్లు, అదే టోపీ. ఫోన్ దగ్గరికి లాక్కుని పెట్టుకున్నాడు. నువ్వే వెళ్ళరాదా, నీ అక్కే కదా అన్నా. మార్చిలో ముట్టుకోవద్దందిగా, మళ్ళీ రమ్మని చెప్పాలి కదా అన్నాడు. శనివారం కూడా అలాగే ఉంటే చూడలేకపోయానే. మా ఇంటికి భోజనానికి వస్తావా క్లెమ్ అన్నా. వాడు నన్నెలా చూశాడనుకున్నావ్? అరవై నాలుగేళ్ళొచ్చాయి, ఆ మాట ఎవరూ అనలేదంట వాడితో."

నేను అడగక్కర్లేదనే అడగలేదు, వాడు నావాడు కాబట్టే అడగలేదు అని యూనిస్ చెబుదామనుకుంది. ఎవరికి చెప్పాలి? థెల్మాకా? మూడు రోజులు ఆమె ఇక్కడ కిటికీలోంచి ఆ పొగగొట్టం చూస్తూ వాడొస్తాడని కూర్చుంది. వాడక్కడ టోపీ పెట్టుకుని ఈమె పిలుస్తుందని కూర్చున్నాడు. ఈ మూడు నెలల్లో ఆమె తిట్టనివాళ్ళు లేరు, వాళ్ళెవరూ వాణ్ణి ఆ తలుపు దగ్గర ఆపలేదు. ఆపింది తనే.

ఇంటి అవతల గొడ్డలి చప్పుడు ఆగింది. క్లెమ్ చేతినిండా పుల్లలతో ఇంటి మూల తిరిగి వచ్చి అక్కని చూసి ఆగిపోయాడు. కంచెకి ఎంత దూరంలో నిలబడాలో లెక్కేసుకుంటున్నట్టు కిందకి చూశాడు.

"క్లెమ్" అంది యూనిస్. గొంతు ఫ్యాక్టరీలో మిషన్ల చప్పుడుని మించి అరిచినట్టు గట్టిగా వచ్చింది. "ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తావా?"

క్లెమ్ పుల్లలు కింద పెట్టాడు. ఒకటి దొర్లిపోతే దాన్నీ తెచ్చి మిగతావాటి పక్కన పెట్టాడు.

"మళ్ళీ ఓసారి అను" అన్నాడు.

"ఏం, చెవులు పోయాయా?"

"వినపడిందక్కా. ఊరికే. మళ్ళీ ఓసారి అను."

థెల్మా ఆరేసిన దుప్పటినే మళ్ళీ సర్దుతోంది. యూనిస్ కంచె కర్ర రెండు చేతులతో పట్టుకుంది. మళ్ళీ అడిగింది, ఈసారి అరవకుండా.